పణముగా నొడ్డబడినవారు

జంషెడ్‌పూరులో 1953లో మహిళా కళాశాలగా ఆరంభమై నేడు విశ్వవిద్యాలయముగా పెరిగిన విద్యాసంస్థకు సిద్ధగోరాలో నొక ఆవరణ కలదు. బ్యాంకు రిస్కు విభాగమున ఏండ్లతరబడి పనిచేసి, ఏ అప్పు నిలుచునో యేది మునుగునో లెక్కగట్టుటయే వృత్తిగా గలవాడొకడు అట్టి చోట తరగతిగదిలో నిలిచి పాఠము చెప్పబూనినప్పుడు, తన విద్యలో నేభాగమును మొదట నందీయవలెనను ప్రశ్న పాఠ్యప్రణాళికకు మాత్రమే కాక ధర్మమునకును సంబంధించినదని నా నమ్మకము.

సాధారణముగా మొదట చెప్పబడునది గణితము. 100 మందికి తలకొక లక్ష చొప్పున కోటి రూపాయలు అప్పిచ్చితిమనుకొందము. అందు ఇద్దరు తీర్పజాలరనియు, తాకట్టు అమ్ముకొనగా ఆ బాకీలలో నూటికి 60 చేతికి వచ్చుననియు అనుభవము చెప్పుచో, పోవునది 80,000 రూపాయలు. ఆ మొత్తమును వడ్డీలో ముందే కలుపుకొనుట బ్యాంకుల పద్ధతి. నల్లబల్లపై మూడు పంక్తులలో ముగియు నీ లెక్కను తక్కువచేయుట నా అభిమతము కాదు. లెక్క లేనిచోట మొగమాటమును, కులమును, పలుకుబడియును అప్పులను పంచిపెట్టును. కాని యిది యొక ఊహపై నిలిచియున్నది: ఆ యిద్దరి కష్టము వారిదే గాని మిగిలిన 98 మందికి దానితో సంబంధము లేదని.

ఆ ఊహ యెంత పెళుసైనదో ఈ పట్టణపు బిడ్డలకు వేరుగ చెప్పనక్కరలేదు. 2019లో దేశమంతట వాహనముల విక్రయము సన్నగిల్లి, ఇచటి టాటా మోటార్సు కర్మాగారము నడుమనడుమ కొన్ని దినములు పని నిలిపివేయగా, ఖర్కాయి నది కవతల ఆదిత్యపూరులో దానికి విడిభాగములు చేయు చిన్న యూనిట్లు పెక్కు ఒక్కమారుగా చతికిలబడినవి. యూనిట్ యజమాని, లేతు మిషనుపై పనిచేయు కార్మికుడు, అతనికి అరువిచ్చు కిరాణా వర్తకుడు, గది అద్దెకిచ్చిన వృద్ధురాలు, వీరు బ్యాంకు పుస్తకములో నలుగురు వేర్వేరు ఖాతాదారులు. బ్రతుకులో ఒకే పగ్గమునకు కట్టబడినవారు. వాయిదా 90 దినములు దాటినచో మాత్రము, మొండి బాకీ యను ముద్ర ఎవరి ఖాతాపై వారికే పడును.

భగవద్గీత పదునెనిమిదవ అధ్యాయము కర్మకు అయిదు హేతువులను చెప్పుచున్నది: అధిష్ఠానము, కర్త, కరణము, వివిధచేష్టలు, ఐదవది దైవము. కర్తయొక్కడే కారణమని చూచువానిని అది దుర్మతి యనుచున్నది. అప్పిచ్చువానికి ఇంతకంటె సూటియైన హెచ్చరిక నాకు కనబడలేదు. దైవమనగా చేతులు ముడుచుకొని కూర్చుండుటకు సాకు అని కొందరు భావింతురు, నాకట్లు తోచదు. తక్కిన నాలుగింటిని శ్రద్ధగా గణించినవానికే ఐదవదానికి చోటు విడుచు అధికారము కలదు. కొలువదగిన నష్టభయమును కొలతకందని అనిశ్చితినుండి 1921లో వేరుచేసి చూపిన ఫ్రాంక్ నైట్ అను అమెరికా అర్థశాస్త్రజ్ఞుడును ఈ సరిహద్దునకే వచ్చి నిలిచెను. బ్యాంకునందు చోటు విడుచుట యనగా మూలధనమును మిగుల నుంచుకొనుట. కడప జిల్లావాడైన యాగా వేణుగోపాల్ రెడ్డి రిజర్వు బ్యాంకు గవర్నరుగా నుండి, వాణిజ్య భవనముల అప్పులపై, ఉంచుకొనవలసిన మూలధనమును నిర్ణయించు రిస్కు భారమును 2005లో నూటికి 100 నుండి 125కును, 2006లో 150కిని పెంచినప్పుడు, భవనముల ధరలు ఇంకను పైకే పోవుచుండెను. వినయమునకు పాలనలో రూపము అట్లుండును.

ఐనను మూలధనము కాచునది బ్యాంకును. అప్పుగొన్నవారిని కాచునదేది? ఇచట సభాపర్వము జ్ఞప్తికి వచ్చును. రాజ్యమును, తమ్ములను, తన్నును ఓడిన పిదప ధర్మరాజు ద్రౌపదిని ఒడ్డెను. తన్ను ముందోడెనా, నన్ను ముందోడెనా అని ఆమె అడిగించినదానికి భీష్ముడంతవాడును తేల్చి చెప్పలేకపోయెను. పందెపు విలువను లెక్కించినవారు సభలో పెక్కండ్రు గాని, ఒడ్డబడినదాని సమ్మతి నడిగినవాడు లేడు. సూక్ష్మరుణ సంస్థలు ఆంధ్రదేశపు పల్లెలలో స్త్రీలను గుంపులుగా చేర్చి, ఒకతె వాయిదా తప్పిన తక్కినవారు చెల్లింపవలెనని ఏర్పరచుకొన్నప్పుడు, తమ నష్టభయమును అవి మోపినది ఆ స్త్రీల ఇరుగుపొరుగు నెయ్యముపైననే. వసూలు వేధింపులు మితిమీరి 2010 అక్టోబరులో ప్రభుత్వము ఆర్డినెన్సు తేవలసివచ్చెను. సంతకములు చేసిరి గదా యనవచ్చును. వేరు దారిలేని సంతకమును సమ్మతియని నేను పిలువజాలను.

కావున 80,000 రూపాయల లెక్క ముగిసిన పిమ్మట, ఆ యిద్దరు ఎవరు, ఏ పనివారు, వాయిదా తప్పిన నెలలో వారి వీధిలో నేమి జరిగెనని విచారించి రమ్మని విద్యార్థినులను ఆదిత్యపూరునకు పంపవలెను. రేపు వీరిలో కొందరు బ్యాంకు పరీక్షలలో నెగ్గి అప్పులు మంజూరుచేయు కుర్చీలలో కూర్చుందురు. మరి కొందరికి ఆదిత్యపూరు పోవలసిన పనియే లేదు. ఆ 2019వ యేట తమ యింట ఏ నగ తాకట్టుకు పోయెనో వారికి తెలిసియే యుండును. అట్టి బాలిక నోరు విప్పినచో, ఆమె చెప్పునదియు లెక్కలో భాగముగనే నల్లబల్లపై వ్రాయింపవలెను.