పెద్దలను కూర్చుండబెట్టుటయేనా ప్రేమ?

మన గ్రామములలో అత్తగారు మంచము మీదనుండి కాలు క్రింద పెట్టగానే కోడలు పరుగున వచ్చి, "నువ్వెందుకు లేచినవు అత్తమ్మా, కూచో, నేను తెస్తాను" అనును. చూచువారు ఆమెను మెచ్చుకొందురు. మెచ్చుకొనవలసినదే. అయితే ఆ ప్రేమ అత్తగారికి మేలు చేయుచున్నదా అని మేము అడుగుచున్నాము.

కదలని కీలు బిగిసిపోవును; పని లేని కండ క్షీణించును. వృద్ధాప్యములో కొన్ని దినములు మంచము పట్టినను కాళ్ల సత్తువ త్వరగా తగ్గును. తగ్గిన బలమును కొంతైనను మరల రాబట్టు విద్యయే ఫిజియోథెరపీ. సికింద్రాబాదులో డాక్టరు పి. హనుమంతరావు గారు 1977లో స్వీకార్ అను పునరావాస సంస్థను స్థాపించిరి. పునరావాసమనగా ఊరు మునిగినవారికి ఇండ్లు కట్టి యిచ్చుటయని మనవారు తలంతురు. ఇక్కడ దాని అర్థము వేరు. పోయినదానిని లెక్కించక, మిగిలిన శక్తితో మనిషి తన పని తాను చేసికొనునట్లు తర్ఫీదు చేయుట.

దీనికి ఎల్లప్పుడు యంత్రములు అక్కరలేదు. కుర్చీలో కూర్చుండి మోకాలు చాచి, కొంతసేపు నిలిపి దింపుట. చీలమండలను పైకి క్రిందికి ఆడించుట. ఊతము పట్టుకొని లేచి మరల కూర్చుండుట. వీటిని చికిత్సకుడు చూచి చెప్పినంతమట్టుకు ప్రతిదినము చేయవలెను. చేతికర్రను అనేకులు నొప్పి కాలి ప్రక్కనే పట్టుకొందురు. అట్లు కాదు, నొప్పి లేని ప్రక్క చేతితో పట్టవలెను. పిక్క వాచినను, ఛాతీలో నొప్పి వచ్చినను వెంటనే ఆపి డాక్టరును చూడవలెను.

మరి "వద్దు బిడ్డా, నొస్తున్నది" అను ముసలితల్లిని లేపుట ధర్మమా? ఇది తేలిక ప్రశ్న కాదు. అపొస్తలుల కార్యములు 3వ అధ్యాయములో పేతురు కుంటివాని కుడిచేయి పట్టుకొని లేపెను. ఆ పేతురుతోనే ప్రభువు, ముసలితనమున ఇష్టములేని చోటికి ఇతరులు నిన్ను తీసికొనిపోవుదురని ముందుగా చెప్పియుండెను (యోహాను 21వ అధ్యాయము). చేయి పట్టుట వేరు, ఇష్టము చూడక మోసికొనిపోవుట వేరు. 38 ఏండ్ల రోగిని సహితము ప్రభువు మొదట అతని కోరికను గూర్చి అడిగెను. మనము అడుగము. "ఎక్కడిదాక నడవాలని ఉన్నదమ్మా?" అని అడిగి చూడుడి. జవాబు చిన్నదిగానే యుండును: ఎవరి చేయి పట్టకుండ స్నానాలగదికి పోవలెను, ఆదివారము గుడి మెట్లు ఎక్కవలెను. మంచి ఫిజియోథెరపిస్టు సాధన మొదలుపెట్టునది అక్కడనుండియే.

కొందరికి ఇక లేచు శక్తి రాదు. వారిని బలవంతపెట్టరాదు. గంటగంటకు కనిపెట్టి ప్రక్క మార్చుట, కాళ్లు చేతులు మెల్లగా కదిలించుట, పుండ్లు పడకుండ చూచుట వారికి తగిన సేవ. ఇది ఆడవారి పనియని కుమారులు తప్పించుకొనుచున్నారు. వారును ఆసుపత్రికి వెంటవచ్చి, చికిత్సకుని చేతులను చూచి నేర్చుకొందురు గాక.