శ్రమహరం: అలసటకు మందు, మందుకు హద్దు

ఒంటి శ్రమ వల్ల వచ్చే అలసట శరీరానికి లోపమా, రక్షణా? లోపమైతే దాన్ని మందుతో పోగొట్టడమే మేలు. రక్షణ అయితే పోగొట్టే ముందు ఆలోచించాలి. మొక్కల్లోని ఫ్లేవనాయిడ్లు అలసటను తగ్గించగలవేమోనని పరిశోధనలు సాగుతున్న కాలంలో ఈ ప్రశ్నకు జవాబు తేల్చుకోవలసిన అవసరం ఉంది.

చరక సంహిత సూత్రస్థానం నాలుగో అధ్యాయం ఔషధాలను 50 వర్గాలుగా, వర్గానికి పదేసి చొప్పున చెబుతుంది. వాటిలో శ్రమహర వర్గం ఒకటి. ద్రాక్ష, ఖర్జూరం, రేగు, దానిమ్మ, చెరకు, యవలు, అరవై రోజుల్లో పండే షష్టిక ధాన్యం అందులోవే. అన్నీ తినే పదార్థాలే. అదే గ్రంథం ఏడో అధ్యాయంలో, బలవంతాన ఆపకూడని 13 వేగాల్లో, అంటే దేహపు సహజ ప్రేరణల్లో, నిద్రనూ, శ్రమతో వచ్చే ఆయాసాన్నీ చేర్చింది. రెండు అధ్యాయాలనూ కలిపి చదివితే ఒక నీతి తేలుతుంది: అలసిన దేహానికి బలం చేకూర్చాలి, దేహం విశ్రాంతి కోరుతుంటే దాని నోరు నొక్కకూడదు.

ఇటలీలోని ట్యూరిన్‌లో వేలి కండరం అలసటను ఎర్గోగ్రాఫ్ అనే పరికరంతో కొలిచిన శరీరశాస్త్రవేత్త ఆంజెలో మోసో, 1891లో వెలువరించిన గ్రంథంలో ఇలాంటి అభిప్రాయానికే వచ్చాడు. పైకి లోపంలా కనిపించే అలసటే మితిమీరిన శ్రమ నుంచి శరీరాన్ని కాపాడుతుందని ఆయన భావించాడు.

ఇంతవరకు గుర్తించిన ఫ్లేవనాయిడ్లు ఆరు వేలకు పైనే. ఉల్లిలోని క్వెర్సెటిన్, తేయాకులోని కాటెకిన్లు, ద్రాక్షకూ దానిమ్మకూ రంగునిచ్చే ఆంథోసయనిన్లు ఈ కుటుంబానివే. క్వెర్సెటిన్ ఇచ్చిన ఎలుకల కండరాల్లోనూ మెదడులోనూ శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా పెరిగాయనీ, అవి ఎక్కువసేపు పరుగెత్తాయనీ 2009లో ఒక అధ్యయనం తెలిపింది. మనుషుల మీద జరిగిన ప్రయోగాలను కలిపి చూసిన 2011 నాటి విశ్లేషణలో మాత్రం మేలు స్వల్పంగానే కనిపించింది. తిన్న క్వెర్సెటిన్‌లో చాలా భాగం పేగు గోడలోనూ కాలేయంలోనూ రూపం మారిపోవడం ఈ తేడాకు ఒక కారణం కావచ్చు. శ్రమహర ఫలాల శక్తి అంతా ఫ్లేవనాయిడ్లదే అనడానికీ వీల్లేదు. వాటిలో చక్కెర, నీరు, లవణాలు కూడా ఉంటాయి.

అలసట మీద పనిచేసే పదార్థాలన్నీ ఒకే దారిన పనిచేయవు. కెఫీన్ మెదడులో అడినోసిన్ గ్రాహకాలను అడ్డుకుంటుంది. శ్రమ తగ్గదు, అలసట కబురు మాత్రం అందదు. మైటోకాండ్రియాను పెంచే పదార్థం ఉంటే అది దేహపు సత్తువనే పెంచుతుంది. మొదటిది మరుపు, రెండోది పోషణ. పోషణకూ హద్దు ఉంది. వ్యాయామం చేసేవారు విటమిన్ సి, ఇ మాత్రలను ఎక్కువ మోతాదులో తీసుకుంటే వ్యాయామం వల్ల కలగవలసిన మేలు కొంత తగ్గిందని 2009లో మరో అధ్యయనం చూపింది. శ్రమలో పుట్టే ఆక్సీకరణ ఒత్తిడి కండరానికి ఒక పాఠం; ఆ మాత్రలతో దాన్ని పూర్తిగా చెరిపేస్తే కండరం సరిగా నేర్చుకోకపోవచ్చు.

ఇక్కడే ధర్మ విచారణ మొదలవుతుంది. అలసటకు మూలం రక్తహీనతైతే దానికి చికిత్స కావాలి. మూలం మితిమీరిన పని గంటలైతే గుళిక ఇచ్చి మళ్లీ పనికి పంపడం అన్యాయం. రోజుకు 8 గంటల పని అనే హద్దును 1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ తన తొలి ఒడంబడికలోనే పెట్టింది. భగవద్గీత ఆరో అధ్యాయం కూడా ఆహారం, పని, నిద్ర, మెలకువ మితంగా ఉన్నవాడికే యోగం దుఃఖాన్ని పోగొడుతుందని బోధిస్తుంది. విశ్రాంతికి తోడుగా నిలిచే ఫలం శ్రమహరం. విశ్రాంతిని దూరం చేసే మందు, అది మొక్క నుంచి వచ్చినా సరే, ఆ పేరుకు తగదు.