పెద్దమ్మ ఇన్సులిన్, నా చేపలు

ఊరికే చేసిన సాయంలో పొరపాటు జరిగితే దానికి మనం ఎంతవరకు జవాబుదారీ? ఈ ప్రశ్న నాకు మా ఇంటి ఫ్రిజ్జులో ఎదురైంది. అందుకని ముందు ఫ్రిజ్జు సంగతి చెప్పాలి.

మాది బోగోలు. నెల్లూరు జిల్లా బయటివాళ్ళకి బోగోలు అంటే తెలియదు, బిట్రగుంట అంటే తెలుస్తుంది. ఆవిరి ఇంజన్ల కాలంలో పెద్ద లోకో షెడ్డు ఉన్న రైల్వే ఊరు అది, మా మండలంలోనే ఉంది. తూర్పుకి పోతే జువ్వలదిన్నె, అది దాటితే సముద్రం. ఉద్యోగం నుంచి రిటైరై ఊరికి తిరిగొచ్చిన కొత్తల్లో ఒక సింగిల్ డోర్ ఫ్రిజ్జు కొన్నాను. దాన్ని ఆటోలో పడుకోబెట్టి తెచ్చారు. వెంటనే స్విచ్చి వెయ్యొద్దని, నాలుగైదు గంటలు నిలువుగా ఉంచమని, లోపలి ఆయిలు కంప్రెసర్లోకి దిగాలని తెచ్చినబ్బాయి చెప్పాడు. గోడకి జానెడు దూరం జరిపాను. వోల్టేజీ నమ్మకం లేదు కాబట్టి స్టెబిలైజరు పెట్టించాను. ఉప్పుగాలికి కాళ్ళు తుప్పు పట్టకుండా కింద స్టాండు వేశాను. తలుపు చుట్టూ ఉండే రబ్బరుని నెలకోసారి సబ్బునీళ్ళతో తుడవడం, ఫ్రీజర్లో మంచు పేరుకుంటే కత్తితో గీకకుండా నాబ్ మధ్యలో ఉన్న బటన్ నొక్కి కరిగించడం, అన్నీ శ్రద్ధగా చేసేవాణ్ణి. ఫ్రిజ్జుని చూసుకోవడం నాకు బాగా తెలుసనుకున్నాను.

రెండిళ్ళ అవతల ఒక పెద్దమ్మ ఉంది. చుట్టరికం ఏమీ లేదు, పిలుపే. జువ్వలదిన్నె నుంచి చేపలు తెచ్చి మా వీధుల్లో అమ్మేది. కాళ్ళు సహకరించక మానేసింది. షుగరుకి రెండు పూటలా ఇన్సులిన్ పొడుచుకుంటుంది. వాళ్ళింట్లో ఫ్రిజ్జు లేదు. వాడుతున్న సీసా బయటున్నా ఫర్వాలేదు. చల్లటి చోట, పాతిక ముప్ఫై డిగ్రీలు దాటకుండా ఉంటే నాలుగు వారాల దాకా ఆగుతుంది. మూత తియ్యని సీసాలకి మాత్రం రెండు నుంచి ఎనిమిది డిగ్రీల చలి కావాలి. నెల్లూరు ఎండాకాలం నలభై దాటుతుంది. అంతకుముందు ఆమె తడి ఇసుక పోసిన కుండలో చిన్న ముంత పెట్టి, అందులో దాచుకునేది. మా ఇంటికి ఫ్రిజ్జు వచ్చిందని తెలిశాక ఒక అట్టపెట్టె తెచ్చి ఇచ్చింది. "నీ పెట్లో ఒక మూల పెట్టు నాయనా" అంది. పెట్టాను. పెట్టె విప్పి చూడలేదు. పైఅరలో, ఫ్రీజరు కింద ఖాళీ ఉంటే అక్కడ తోశాను.

అలా రెండేళ్ళు గడిచాయి. నెలకోసారి వచ్చేది, ఒక సీసా తీసుకునేది, కాసేపు కూర్చుని పోయేది. నాకు ఖర్చు లేదు, శ్రమ లేదు. నిజం చెప్పాలంటే కొంచెం గర్వంగా కూడా ఉండేది.

2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను వచ్చింది. 5వ తేదీన బాపట్ల దగ్గర తీరం దాటింది కానీ, అంతకుముందు మా తీరం పక్కనే నడుచుకుంటూ పోయింది. పడవలు ఆగిపోతాయని ముందే తెలుసు. ఆ వారంలో హైదరాబాదు నుంచి మా పిల్లలు వస్తారు. అందుకని వంజరం, రొయ్యలు కొని ఫ్రీజరు నిండా కుక్కాను. కరెంటు పోతే పాడవుతాయేమోనని నాబ్‌ని మూడు మీద నుంచి ఏడుకి తిప్పాను. చాలామంది ఆ అంకెలు డిగ్రీలనుకుంటారు. కావు, అంకె పెరిగేకొద్దీ చలి పెరుగుతుంది. నాకది తెలుసు. తెలిసే తిప్పాను.

అనుకున్నట్టే కరెంటు పోయింది, మర్నాడు వచ్చింది. తలుపు తియ్యలేదు కాబట్టి చేపలు గట్టిగానే ఉన్నాయి. నాబ్ సంగతి మర్చిపోయాను. వానలకి బయట చల్లగా ఉంది, లోపల మిషను ఏడు మీద ఆగకుండా తిరిగింది. సింగిల్ డోర్ ఫ్రిజ్జులో చలంతా పుట్టేది ఆ ఫ్రీజరు పెట్టెలోనే. దాని కిందనున్న అర అన్నిటికంటే చల్లన. మూడో రోజు పెద్దమ్మ మనవడు సీసా కోసం వస్తే అట్టపెట్టె తీశాను. చేతికి బిగుసుకుపోయినట్టు తగిలింది. మిగిలిన మూడు సీసాల్లోనూ మందు గడ్డకట్టి ఉంది.

పిల్లాణ్ణి కాసేపాగి రమ్మన్నాను. సీసాలని బల్ల మీద పెట్టి పెట్టెలో ఉన్న కాగితం మొదటిసారి విప్పి చదివాను. గడ్డకట్టనివ్వరాదని, గడ్డకట్టినదాన్ని వాడరాదని స్పష్టంగా రాసి ఉంది. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా మళ్ళీ మునుపటిది కాదు. దాని బలం ఎంత మిగిలిందో ఎవరూ చెప్పలేరు. బల్ల మీద సీసాలు కరగడం మొదలుపెట్టాయి. అది పాలలా ఉండే రకం. అరగంటకి, అటూ ఇటూ దొర్లిస్తే అడుగున కొన్ని పలుకులు తప్ప, పైకి ఎప్పట్లాగే కనిపించింది. పెద్దమ్మ చూపుకి ఆ పలుకులు ఆనవు.

ఆ అరగంటలో నాకు వచ్చిన ఆలోచనలన్నీ గౌరవంగా లేవు. ఇచ్చేస్తే ఏమవుతుందన్నది ఒక్క క్షణమైనా వచ్చింది. అది పోయాక ఇంకొకటి వచ్చింది, చాలాసేపు ఉంది. పెద్దమ్మా, కరెంటు పోయింది గదా, మందు పాడైందని చెప్పొచ్చు. ఊరంతా చీకట్లో ఉన్నమాట నిజం. ఎవరైనా నమ్ముతారు. నిజానికి తుఫాను ఆ మందుకి ఏ హానీ చెయ్యలేదు. ఒక రోజు కరెంటు లేకపోయినా దానికి ఏమీ అయ్యేది కాదు. దాన్ని పాడుచేసింది కరెంటు వచ్చాక నేను తిప్పి వదిలేసిన ఏడో అంకె.

వెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. కావలికి పోయి కొత్త సీసాలు తెచ్చిస్తానన్నాను. ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నీ చేపలు బాగుండాయా?" అని అడిగింది. బాగున్నాయన్నాను. "అవి గూడా పోయుంటే నాకేం అనిపించేది గాదు నాయనా" అంది. అంతే. తిట్టలేదు, పర్లేదనీ అనలేదు.

కొత్త సీసాలు తెచ్చి ఇచ్చాను. ఆ మాట మాత్రం నన్ను వదల్లేదు. మందు పోయినందుకు ఆమెకి బాధ లేదా? చేపలు బతికితేనే బాధా? మొదట అది అసూయేమో అనిపించింది. తర్వాత తెలిసింది, అది చాలా పాత న్యాయసూత్రమని.

మన ధర్మశాస్త్రాల్లో వ్యాజ్యాలని పద్దెనిమిది రకాలుగా విడదీశారు. మనుస్మృతి లెక్కలో మొదటిది అప్పు, రెండోది నిక్షేపం, అంటే నమ్మి దాచమని ఇచ్చిన సొత్తు. బ్యాంకులు లేని కాలంలో ఇది ఎంత పెద్ద విషయమో ఆ రెండో స్థానమే చెబుతుంది. ఈ శాస్త్రం తెలుగులోకి ఎప్పుడో వచ్చింది. యాజ్ఞవల్క్య స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన వ్యాఖ్యానాన్ని ఆధారం చేసుకుని 13వ శతాబ్దంలో కేతన 'విజ్ఞానేశ్వరీయం' రాశాడు. తన 'దశకుమారచరిత్ర'ని మా నెల్లూరి తిక్కనకి అంకితమిచ్చిన కేతనే ఈయన.

దాచిన సొత్తు పోతే ఎవరి నష్టం? రాజు వల్లో, దైవం వల్లో, దొంగల వల్లో పోతే దాచినవాడి తప్పు లేదంటుంది యాజ్ఞవల్క్య స్మృతి. నారద స్మృతి ఇంకో మాట చేరుస్తుంది. దాచినవాడి సొంత సొత్తుతో పాటు పోతే, ఆ నష్టం ఇచ్చినవాడిదే, దాచినవాడు మోసం చెయ్యనంతవరకు. దీని వెనక ఉన్న ఆలోచన సులభం. తనదాన్ని కాపాడుకోలేనివాణ్ణి ఎదుటివాళ్ళది ఎందుకు కాపాడలేదని అడగలేం. తిరగేసి చూడండి. తనది మిగిలి, ఎదుటివాళ్ళది పోయిందంటే అక్కడ ఆగి అడగాల్సిందే. పెద్దమ్మ అడిగింది అదే. స్మృతులు చదవకుండానే, చేపలు బాగున్నాయా అనే ఒక్క ప్రశ్నతో.

అయితే నా తరఫున కూడా ఒక వాదన ఉంది. నేను డబ్బు తీసుకోలేదు కదా! ఊరికే చేసిన సాయానికి ఇంత లెక్కా? ఇది కూడా పాత వాదనే. 1703లో ఇంగ్లండులో ఒకాయన బ్రాందీ పీపాలని కూలి లేకుండా ఒక చోటి నుంచి ఇంకో చోటికి చేరుస్తానని ఒప్పుకుని, అజాగ్రత్తతో ఒకటి పగలగొట్టాడు. కూలి తీసుకోకపోయినా, పని చేతిలోకి తీసుకున్నాక జాగ్రత్త తప్పదని కోర్టు తేల్చింది. మన కాంట్రాక్టు చట్టం, 1872 నాటిది, 151వ సెక్షన్లో ఇంకా సూటిగా చెప్పింది. ఎవరి వస్తువునైనా మన దగ్గర ఉంచుకుంటే, మామూలు వివేకం ఉన్న మనిషి అంతే పరిమాణం, నాణ్యత, విలువ ఉన్న తన వస్తువుని ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో అంత జాగ్రత్త చూపాలి. డబ్బు తీసుకున్నామా లేదా అన్న తేడా ఆ సెక్షన్లో లేదు.

ఇది ఆలోచిస్తే సబబే. నేను ఒప్పుకోకపోతే పెద్దమ్మ తన కుండా ముంతా వదిలేది కాదు. నా 'సరే' అన్న మాట నమ్మి, తనకున్న దారి మానుకుంది. సాయం ఉచితం కావచ్చు, ఆమె దానికోసం వదులుకున్నది మాత్రం ఉచితం కాదు.

కానీ ఈ సూత్రాలన్నిటి దగ్గరా నాకొక పేచీ ఉంది. అన్నీ 'సొంతదానిలా' అంటాయి. నేను చేసింది సరిగ్గా అదే కదా! ఆమె మందుని నా చేపలతో పాటు, అదే పెట్టెలో, అదే చలిలో పెట్టాను. తేడా చూపలేదు. తేడా చూపకపోవడమే కొంప ముంచింది. చేపని కాపాడే చలి మందుని చంపుతుంది. బంగారం, ధాన్యం, బట్టలు దాచే రోజుల్లో 'నీదానిలా చూసుకో' అంటే సరిపోయేది. ఇన్సులిన్‌కి దాని సొంత చలి ఉంది, రెండుకీ ఎనిమిదికీ మధ్య. దాన్ని నాదానిలా చూడటం కాదు, దానిలా దాన్ని చూడటం నేర్చుకోవాల్సింది.

విలువ సంగతీ అంతే. ఆ మూడు సీసాల ఖరీదు నా వంజరం ఖరీదులో సగం కూడా ఉండదు. అందుకే కాబోలు, తుఫాను వస్తుందనగానే నా మనసు చేపల మీదికి పోయింది. చట్టం చెప్పిన 'విలువ' ఎవరి చేతిలో ఉన్నప్పటి విలువ? నా ఫ్రిజ్జులో అది చవక వస్తువు. ఆమె ఒంటికి మర్నాటి పొద్దు.

మరి నాకు తెలియదు కదా అనొచ్చా? ఇక్కడ కూడా ఆ పాత పుస్తకాలు నన్ను పట్టుకున్నాయి. చూపించి, లెక్కపెట్టి ఇస్తే నిక్షేపం. లోపల ఏముందో చెప్పకుండా మూటలోనో పెట్టెలోనో ఇస్తే ఉపనిధి అన్నారు. ఆమె ఇచ్చిన అట్టపెట్టెని నేను రెండేళ్ళూ ఉపనిధిలాగే చూశాను, విప్పడం మర్యాద కాదన్నట్టు. ఆ పెట్టెకి ముద్ర ఏమీ లేదు. లోపల కాగితం ఉంది, ఇంగ్లీషులో. పెద్దమ్మకి చదువు రాదు, నాకు వచ్చు. ఆమె నన్ను అడిగింది ఒక మూల చోటు మాత్రమే అని నేననుకున్నాను. చదువుకున్నవాడి ఇంట్లో పెట్టడంలో, ఆ కాగితం వాడు చదివే ఉంటాడన్న నమ్మకం కూడా ఉంది. ఫ్రిజ్జు రబ్బరు నెలనెలా తుడిచినవాణ్ణి, ఆ కాగితం ఒక్కసారి విప్పలేదు. అజ్ఞానం నాకు సాకు కాలేదు. తెలుసుకోగలిగిన ఇద్దరిలో ఆ పని చెయ్యగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే.

ఇలా లెక్కలు తీస్తే ఇక ఎవరైనా సాయం చెయ్యడానికి ముందుకొస్తారా అని మా ఇంట్లోవాళ్ళు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. భయంతో చెయ్యి వెనక్కి తీసుకుంటే పెద్దమ్మ మళ్ళీ మే నెలలో ముంత దగ్గరికే పోవాలి. నాకు తోచిన సమాధానం ఇది: బాధ్యత ఎక్కువని సాయం మానక్కర్లేదు, ఒప్పుకునే ముందు "దీనికేం కావాలి?" అని ఒక్క ప్రశ్న అడిగితే చాలు. అది అడగడానికి ఒక నిమిషం పడుతుంది. నాకు రెండేళ్ళు పట్టింది.

ఇప్పుడు ఆ సీసాలు మధ్య అరలో, వెనక గోడకి తగలకుండా, మూతున్న డబ్బాలో ఉంటున్నాయి. పక్కన చిన్న థర్మామీటరు. నాబ్ మూడు మీద ఉంటుంది. దాన్ని ఎవరూ తిప్పకుండా పైన కాగితం అంటించాను. ఎక్కువ చేపలు కొనడం లేదు, ఆ పూటకి సరిపడా తెచ్చుకుంటున్నాం.

పెద్దమ్మ ఇప్పుడు మనవణ్ణి పంపదు. కాళ్ళు ఈడ్చుకుంటూ తనే వస్తుంది. నేను తలుపు తియ్యగానే ముందు నా భుజం మీదుగా లోపలికి చూస్తుంది. "ఎంతలో పెట్టుండావు నాయనా?" అని అడుగుతుంది. మూడులో అంటాను. "ఆ గాజుకడ్డీ ఏం చెప్తుండాది?" అంటుంది. చదివి చెప్తాను. మొదట్లో ఆ అడగడం నాకు కొంచెం గుచ్చుకునేది. ఇప్పుడు ఆమె అడగకముందే చెబుతున్నాను. అయినా అడుగుతుంది.