పెద్దల మౌనము, పిల్లల పగ



ఈసారి మీ ముందు ఒక ప్రశ్న ఉంచుతున్నాను. బడిలో తోటిపిల్లల చేత ప్రతిదినము అవమానము పొందుతున్న పిల్లవానితో "క్షమించు నాయనా" అని పెద్దలు చెప్పుట ఎల్లప్పుడూ మంచిదేనా? చాలాకాలము మంచిదే అనుకొన్నాను. ఇప్పుడు అలా అనలేను. ఎందుకో చెబుతాను.

టీచర్ ట్రైనింగ్ ముగించి పనిలో చేరిన తొలి సంవత్సరములలో జరిగిన సంగతి ఇది. మన యరగేర ప్రాంతమునకు పనుల కొరకు వచ్చిన ఒక తెలుగు కుటుంబములోని అబ్బాయి నా దగ్గర ఏడవ తరగతి చదివేవాడు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడము. ఒకనాడు పాఠము చదువుతూ "హాలు" అనవలసిన చోట "పాలు" అన్నాడు. కన్నడములో పాలు అంటే వాటా. తరగతి అంతా నవ్వింది. నేను కూడా నవ్వాను. ఆ దినము నుండి వాని అసలు పేరు పోయి "పాలు" అనే పేరే మిగిలింది. తరువాత వాని సంచి దాచిపెట్టడము, అన్నము గిన్నెలో మట్టి వేయడము మొదలైనాయి.

ఆ పిల్లవాడు నా దగ్గరకు వచ్చి, "సార్, మీరు చెబితే వింటారు సార్" అన్నాడు. "సరదాకు చేస్తున్నారులేరా, పట్టించుకోకు. క్షమించడము నేర్చుకో" అని పంపించాను. మరల వాడు నన్ను అడగలేదు. గొడవ సద్దుమణిగినదనుకొన్నాను. మూడు నెలల తరువాత బోరింగు దగ్గర ఒక పిల్లవాని ముఖము మీద రాయితో కొట్టాడు. దెబ్బ తిన్నవానికి ఒక కన్ను పోయింది. కొట్టినవానికి టి.సి. ఇచ్చి పంపివేశారు. విచారణలో నన్ను వ్రాసి ఇమ్మన్నారు. "కారణము లేకుండా కొట్టినాడు" అని వ్రాసి సంతకము చేశాను. వాడు నా దగ్గరకు వచ్చిన సంగతి ఆ కాగితములో లేదు.

ట్రైనింగులో మాకు హెర్బార్టు సోపానములు నేర్పారు, పాఠ్యపథకము వ్రాయడము నేర్పారు. కాని నా తప్పును నాకు చూపించినది సమూయేలు రెండవ గ్రంథము పదమూడవ అధ్యాయము. అమ్నోను తామారుకు చేసిన ఘోరము విని దావీదు మిక్కిలి కోపపడ్డాడు. అంతకు మించి ఏమీ చేయలేదు. ఆయన తండ్రి, రాజు కూడా. న్యాయము తీర్చవలసిన పీఠము మీద ఉన్నవాడే ఊరకున్నాడు. అబ్షాలోము అమ్నోనుతో మంచిగాని చెడుగాని మాటలాడక, రెండు సంవత్సరములు ఆగి, గొఱ్ఱెల బొచ్చు కత్తిరించే సమయమున అతనిని చంపించాడు. ఇంటిలో ఆ రెండు సంవత్సరములు ప్రశాంతముగా ఉన్నట్లే కనబడి ఉంటుంది. నా తరగతిలో మూడు నెలలు కూడా అలాగే ఉన్నాయి.

అమెరికాలో 1999 ఏప్రిల్ 20న కొలంబైన్ హైస్కూలులో ఇద్దరు విద్యార్థులు 12 మంది తోటి విద్యార్థులను, ఒక ఉపాధ్యాయుని కాల్చి చంపారు. తరువాత అక్కడి సీక్రెట్ సర్వీసు, విద్యాశాఖ కలిసి 1974 నుండి 2000 వరకు బడులలో జరిగిన 37 దాడులను పరిశీలించి 2002లో నివేదిక ఇచ్చాయి. దాడి చేసిన 41 మందిలో నూటికి 71 మంది తాము ముందుగా వేధింపుకు గురి అయినట్లు భావించినవారే. సగము కంటె ఎక్కువ మందికి పగ ఒక కారణము. నూటికి 81 దాడులలో ఆ ఆలోచన కనీసము మరియొకరికి ముందే తెలుసు. అయితే వేధింపు పొందిన పిల్లలందరూ ఆయుధము పట్టరు. అత్యధికులు లోలోపల కుమిలిపోతారు, లేక బడి మానుకొంటారు. కనుక వేధింపు ఒక్కటే హింసకు కారణమని చెప్పరాదు. ఎవరో ఒకరికి తెలిసియుండి కూడా ఊరకుంటున్నారన్నది మాత్రము మనము మరువరాదు.

"అలాగైతే పిల్లలను చెప్పమనండి, చాలును" అని కొందరు అంటారు. తమిళనాడులోని నాంగునేరిలో 2023 ఆగస్టులో ఏమి జరిగినదో చూడండి. పన్నెండవ తరగతి చదువుతున్న ఒక దళిత విద్యార్థి తోటివారి వేధింపు భరించలేక బడి మానుకొన్నాడు. కారణము అడిగితే చెప్పాడు. ఫిర్యాదు చేసినందుకు పగబట్టి, రాత్రివేళ కొడవళ్లతో ఇంటిలోకి వచ్చి అతనిని నరికారు. అడ్డు వచ్చిన చెల్లెలు కూడా గాయపడింది. ఆ తరువాత ప్రభుత్వము జస్టిస్ చంద్రు గారితో కమిటీ వేసింది. 2024లో ఆయన నివేదిక ఇచ్చారు. పగ అవమానము పొందినవానికే కాదు, అవమానించినవానికి కూడా పుట్టగలదు. కాబట్టి పిల్లవాడు చెప్పిన తరువాత వానిని కాపాడే భారము మనదే.

మరి క్షమాపణ సంగతి? మత్తయి పద్దెనిమిదవ అధ్యాయమును వరుసగా చదవండి. మొదట చిన్నవారిని ఆటంకపరచేవారికి గట్టి హెచ్చరిక ఉన్నది. పిదప తప్పు చేసినవానికి తప్పు తెలియజేయుట, వినకపోతే సాక్షులను తీసుకొని వెళ్లుట, అప్పటికీ వినకపోతే సంఘమునకు తెలుపుట చెప్పబడ్డాయి. ఇవన్నీ అయిన తరువాతనే ఎన్నిమారులు క్షమించవలెనని పేతురు అడుగుతాడు. నేను ఆ పిల్లవానికి అధ్యాయము చివర చెప్పి, మొదటి భాగము దాచిపెట్టాను. నా పని తప్పించుకొనుటకు క్షమాపణను వాని నెత్తిన పెట్టాను.

వాడు రాయి విసరడము తప్పు కాదని నేను అనడము లేదు. కన్ను పోయినవాడు కూడా చిన్నపిల్లవాడే. వాని కన్నును నా పశ్చాత్తాపము తిరిగి ఇవ్వలేదు. అయితే ఆ రాయిలో నా పాలు కూడా ఉన్నది. ఆ మాటకు కన్నడములో ఉన్న అర్థమే నాకు ఇప్పుడు తగినది.

నేడు యరగేరలో విశ్వవిద్యాలయమే ఉన్నది. మన మనుమలు, మనుమరాండ్రు కన్నడము మనకంటె చక్కగా మాట్లాడుతున్నారు. కాని కొత్తగా వచ్చే కుటుంబముల పిల్లలు ఇంకా తడబడుతూనే ఉన్నారు. ఒక్కోసారి వారిని చూచి నవ్వేవారు మన పిల్లలే. కనుక సాయంకాలము బిడ్డను "మార్కులెన్ని?" అని అడిగే ముందు "ఈ రోజు ఎవరైనా నిన్ను ఏమన్నా అన్నారా? నీవు ఎవరినైనా ఏమన్నా అన్నావా?" అని రెండు ప్రశ్నలు అడగండి. జవాబు వస్తే ఆ వారములోనే బడికి వెళ్లండి. ఒంటరిగా వెళ్లుటకు జంకితే సంఘములో ఒక పెద్దను తోడు తీసుకొని వెళ్లండి. నన్ను పిలిస్తే నేను వస్తాను. వేధింపు ఆగిన తరువాత క్షమాపణ గూర్చి బిడ్డతో మాట్లాడండి. అప్పుడు ఆ మాట వాని చెవికి ఎక్కుతుంది.

ప్రభువు మన ఇండ్లను, మన బడులను కాపాడును గాక.