బాతుకి చెప్పలేని సలహా

అలాస్కాలో యూకాన్, కస్కోక్విమ్ నదుల డెల్టాలో స్పెక్టకిల్డ్ ఐడర్ అనే సముద్రపు బాతు గూడు కడుతుంది. తన ఒంటి మీది మెత్తటి నూగు పీకి గూట్లో పరిచి, మూడు వారాలకు పైగా దాదాపు తిండి మానేసి పొదిగేది ఆడపక్షే. మగపక్షి అప్పటికే సముద్రానికి వెళ్ళిపోతుంది. పిల్లలు బయటికొచ్చాక తల్లి వాటిని చుట్టుపక్కల మడుగుల్లో మేపుతుంది. ఆ బురదలో వేటగాళ్ళు ఏళ్ళ తరబడి కాల్చిన సన్నటి సీసపు గుండ్లు ఉన్నాయి. తిండిలో కలిసి అవి కడుపులోకి పోతాయి, కందనకాయలో అరిగి రక్తంలో చేరతాయి.

1993లో అమెరికా ఈ పక్షిని ముప్పులో ఉన్న జాతిగా ప్రకటించింది. నీటిపక్షుల వేటలో సీసపు గుండ్లను అంతకుముందే, 1991లో దేశమంతటా నిషేధించింది. కానీ అప్పటికే పడిన గుండ్లు బురదలోనే ఉన్నాయి.

ఉత్తరాది పక్షుల్లో పాదరసమూ ఉంది. గుడ్డు పెట్టి ఆడపక్షి ఒంట్లోని పాదరసాన్ని కొంత 'వదిలించుకుంటుంది' అంటారు. ఆ మాట దగ్గర ఆగిపోయాను. వదిలించుకున్నది ఎక్కడికి? బిడ్డలోకి. ఇందులో తల్లి ఎంచుకున్నది ఏముంది?

స్త్రీని పక్షితో పోల్చడం మనకు కొత్త కాదు, ఆ పోలికతో మనం పడిన బాధా తక్కువ కాదు. నేనిక్కడ చూస్తున్నది పోలికను కాదు, తేడాను. 2012లో కెనడాలోని నూనవుత్‌లో, గర్భం దాల్చే అవకాశమున్న ఇనుయిట్ స్త్రీలు రింగ్డ్ సీల్ కాలేయం మానేసి మాంసం తినమని ఆరోగ్య సలహా ఇచ్చారు. కారణం పాదరసమే. కడుపులో బిడ్డ మెదడుకి అది చేసే హాని నిజం కనుక సలహా తప్పనను. అయితే బాతుకి సలహా చెప్పలేం. అందుకే చట్టం వేటగాడి తుపాకీ దాకా వెళ్ళింది. స్త్రీకి చెప్పగలం. అందుకే మాట ఆమె వంటింట్లోనే ఆగిపోతుంది. జాగ్రత్త పడగలిగేది ఆమె కనుక తప్పు జరిగితే బాధ్యతా ఆమెదే అయిపోతుంది.

ఆర్కిటిక్ చేరే పాదరసంలో చాలా భాగం దూరదేశాల నుంచి గాలిలో వచ్చేదే. మన థర్మల్ కేంద్రాల బొగ్గుపొగలోనూ అది ఉంది. పాదరసంపై మినమాటా ఒప్పందం 2017లో అమల్లోకొచ్చింది, 2018లో భారత్ దాన్ని ఆమోదించింది. అంటే బాధ్యులెవరో తెలియక కాదు. 'ఇది తినకు' అని గర్భిణికి ఇచ్చే కాగితం మీదే, ఆ విషం ఎవరి పొగగొట్టం నుంచి వచ్చిందో కూడా రాయాలి. అప్పుడే అది సలహా. లేకపోతే ఆమె మీద మోపిన మరో నింద.