ఇంటి కట్టడలో పిల్లల మాట



2020లో బడులు మూతపడినప్పుడు, పాఠములు వినుటకై మనమే బిడ్డల చేతికి ఫోను ఇచ్చితిమి. ఇప్పుడు వారు దానిని విడువకున్నారని మనమే వాపోవుచున్నాము. పదునాలుగు, పదునైదేండ్ల పిల్లల ఫోను వాడుకకు హద్దు ఉండవలెననుటలో సందేహము లేదు. ఆ హద్దు పెట్టునప్పుడు వారి మాట వినవలెనా అనునదే ప్రశ్న.

"పెద్దలము మేముండగా పిల్లలను అడుగనేల?" అని కొందరందురు. బిడ్డలను కాపాడు భారము తలిదండ్రులదే, నిజము. అయినను ఒక సంగతి ఆలోచించుడి. తప్పు కనబడిన వెంటనే ఫోను లాగుకొను ఇంటిలో బిడ్డ నేర్చుకొనునది దాచుటయే. ఎవడో ఒకడు ఒక ఆడపిల్ల ఫొటో చేజిక్కించుకొని బెదిరించెననుకొనుడి. చెప్పినచో ఫోను పోవును, చదువు మాన్పింతురు అను భయముచేత ఆమె నోరు మెదపదు. అప్పుడు మన కట్టడ ఆ దుర్మార్గునికే తోడ్పడును. "కష్టము వచ్చినయెడల మాతో చెప్పుము; చెప్పినందుకు ఫోను తీసికొనము" అని ముందుగా ఆమెతో కూర్చుండి ఒప్పుకొన్న ఇంటిలో ఆమె చెప్పగలదు.

అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయము చూడుడి. విధవరాండ్రకు ఆహారము పంచుటలో భేదము జరిగినదని గ్రీకు మాటలాడువారు మొరపెట్టగా, అపొస్తలులు తామే అంతయు తీర్మానింపక, తగినవారిని ఎన్నుకొను పని విశ్వాసులకే అప్పగించిరి. ఎన్నికైన ఏడుగురివి గ్రీకు పేర్లే. అయినను చేతులుంచి వారిని నియమించినవారు అపొస్తలులే. వినుటవలన పెద్దరికము తగ్గలేదు.

2021లో అంతర్జాలములో బాలల హక్కులనుగూర్చి ఐక్యరాజ్యసమితి కమిటీ సూచనలు వ్రాసినప్పుడు, 28 దేశముల పిల్లల అభిప్రాయములు అడిగి తెలిసికొనిరి.

అడిగినచో వారు మనలనును అడుగుదురు: "నాన్నా, నీవు అన్నము తినుచు ఫోను చూడవచ్చునా?" అందుకు మనము సిద్ధపడవలెను. మహారాష్ట్రలోని సాంగ్లీ జిల్లాలో వడ్‌గావ్ అను గ్రామమువారు, సాయంకాలము 7 గంటలకు సైరను మ్రోగగానే గంటన్నరసేపు ఫోనులు, టీవీలు ఆపవలెనని 2022లో నియమము పెట్టుకొనిరి. అది పిల్లలకే గాక పెద్దలకును చెల్లినది.

కాబట్టి ఒక సాయంకాలము ఇంటివారందరు కూర్చుండుడి. ఫోను ఏ గంటకు ఆపవలెను, రాత్రి ఎక్కడ ఉంచవలెను, కీడు ఎదురైన ఎవరితో చెప్పవలెను, ఈ మూడును మాటలాడి కాగితముమీద వ్రాయుడి. వారు కోరినదంతయు ఇయ్యనక్కరలేదు. కాదన్నప్పుడు కారణము చెప్పుడి. నెల గడచిన పిమ్మట మరల చూచుకొనుడి.

మన కన్ను ఎల్లప్పుడు వారిమీద ఉండదు. తాము ఒప్పుకొన్న మాటయైతే వారితోకూడ హాస్టలుకును పోవును.