అనుబంధం అనే మాట

మా అమ్మ ముప్పై ఒక్క ఏళ్ళు తెలుగు టీచరుగా పనిచేసింది. రెండేళ్ళ కిందట ఒక తెల్లవారుజామున మంచం మీద నుంచి లేవబోయి కుడివైపుకి ఒరిగిపోయింది. ఆసుపత్రిలో కళ్ళు తెరిచాక నా మొహంలోకి చూసి "గోడ" అంది. నేను గోడవైపు చూశాను. అమ్మ విసుగ్గా తల ఊపి మళ్ళీ "గోడ, గోడ" అంది. పక్క మంచం దగ్గర దుప్పటి మారుస్తున్న ఆయా ఇటు తిరిగి, "నీళ్ళడుగుతోందమ్మా, పెదాలు చూడు ఎట్లా ఎండిపోయినయ్యో" అంది. చెంచాతో నీళ్ళు పోస్తే అమ్మ గటగటా తాగింది.

పక్షవాతంతో పాటు మాట చెదిరిపోవడాన్ని అఫేజియా అంటారు. తెలివి పోదు, మనుషుల్ని గుర్తుపట్టడం పోదు. వస్తువుకీ దాని పేరుకీ మధ్య దారి తెగిపోతుంది. యూనివర్సిటీలో భాషాశాస్త్రం పేపరుకి రోమన్ యాకబ్‌సన్ అఫేజియా మీద రాసిన వ్యాసం చదివి, పేజీలకు పేజీలు జవాబు రాసినదాన్ని నేను. ఎదురుగా అమ్మ నీళ్ళని గోడ అంటుంటే ఆ చదువు ఎందుకూ కొరగాలేదు.

అమ్మకి మాట నేర్పడానికి వచ్చిన స్పీచ్ థెరపిస్టుకి ఇరవై ఏడో, ఇరవై ఎనిమిదో ఉంటాయి. మొదటిరోజు అమ్మని ఏమీ అడగలేదు. మంచం పక్కన కూర్చుని ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టింది. నాలుగు దగ్గర అమ్మ గొంతు కలిసింది. తర్వాత ఆదివారం, సోమవారం. తర్వాత నావైపు తిరిగి, "అమ్మగారికి బాగా వచ్చిన పద్యాలేమిటండీ?" అని అడిగింది. వేమన అన్నాను. ఆ అమ్మాయి ఒక పద్యం రాగంతో ఎత్తుకుంది. అమ్మ అందుకుని మకుటం దాకా వెళ్ళి ఆగింది. నీళ్ళు అనలేని నోరు నాలుగు పాదాలూ చెప్పింది. నేను వరండాలోకి వెళ్ళి ఏడ్చాను.

"అలవాటైన వరసలు, పాటలు చాలామందికి మిగిలే ఉంటాయండీ. వాటి మీదుగానే కొత్త మాటకి దారి వెయ్యాలి" అని ఆ అమ్మాయి చెప్పింది. వారానికి అయిదు రోజులు ఆ దారి వేసింది. ఆరో వారంలో అమ్మ గ్లాసు చూపించి "నీ... నీళ్ళు" అంది.

సరిగ్గా అప్పుడే ఆ అయిదు రోజులూ రెండు రోజులయ్యాయి. థెరపీ గదిని ఆసుపత్రివాళ్ళు మరో పనికి కేటాయించారు. ఎందుకిలా చేశారని అడిగితే ఆ అమ్మాయి బొమ్మల కార్డులు సంచీలో సర్దుకుంటూ, "మమ్మల్ని అడగలేదండీ, చెప్పారు" అంది. నాలుగు ముక్కల ఆ జవాబు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

ఊరుకోలేక ఆఫీసుకి వెళ్ళి ఫిర్యాదు రాసిచ్చాను. కింద డాక్టర్ అని పెట్టి సంతకం చేశాను. గుమాస్తా అది చూసి లేచి నిలబడ్డాడు. "ఏ డిపార్ట్‌మెంటు మేడమ్?" అన్నాడు. "తెలుగు సాహిత్యం" అన్నాను. కూర్చున్నాడు. ఫిర్యాదు ఏమైందో తెలియదు. అమ్మని ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన కాగితంలో ముగ్గురు డాక్టర్ల పేర్లున్నాయి. అమ్మకి నీళ్ళు అనే మాట తిరిగి ఇచ్చిన మనిషి పేరు ఎక్కడా లేదు.

ఈ వ్యాసం ఆ కాగితం గురించే. అయితే ఆ ఆసుపత్రి మంచిదా చెడ్డదా అన్నది నా ప్రశ్న కాదు. ఒక పని చేసేవాళ్ళు ఆ పని గురించి నిర్ణయాలు జరిగేచోట ఎందుకు ఉండరు? వాళ్ళు ఉండటం నైతికంగా అవసరమా, లేక ఉంటే బాగుంటుందని అనుకోవడమేనా?

ఫిజియోథెరపిస్టులు, ఆక్యుపేషనల్ థెరపిస్టులు, రేడియోగ్రాఫర్లు, లేబ్ టెక్నీషియన్లు, పోషకాహార నిపుణులు, డయాలసిస్ టెక్నీషియన్లు - వీళ్ళందరినీ కలిపి పిలవడానికి మన రాష్ట్రాల్లో ఏళ్ళ తరబడి వాడిన మాట పారామెడికల్. పారా అంటే పక్కన. ఇప్పుడు చట్టాలు అనుబంధ ఆరోగ్య వృత్తులు అంటున్నాయి. అనుబంధం అన్న మాట దగ్గర సాహిత్య విద్యార్థిగా నేను కాసేపు ఆగిపోయాను. సిద్ధాంత గ్రంథం రాసినవాళ్ళకి అనుబంధం అంటే వెనక పేజీలు. ముఖ్యమైన అధ్యాయాలన్నీ అయ్యాక పట్టికలు, జాబితాలు పెట్టేచోటు. పరీక్షకులు సాధారణంగా తిప్పిచూడని చోటు. అదే మాటకి ఇంట్లో అర్థం వేరు. మనిషికీ మనిషికీ మధ్య తెగని ముడి అది. ఒకే మాటలో ఈ రెండర్థాలూ ఉండటం స్త్రీలకి కొత్తేమీ కాదు. ఇంటిని కలిపి ఉంచే పని మనది, ఇంటి విషయాల్లో చివరి పేజీ కూడా మనదే.

2021లో పార్లమెంటు అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల జాతీయ కమిషన్ చట్టం చేసింది. పది విభాగాలుగా 56 వృత్తుల్ని గుర్తించింది. అధ్యక్ష స్థానంలో కూర్చునేవాళ్ళు ఈ వృత్తుల నుంచే రావాలని, పాతికేళ్ళ అనుభవం ఉండాలని చెప్పింది. చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ, డాక్టరో ఐ.ఏ.ఎస్. అధికారో తమ తరఫున మాట్లాడటమే అలవాటైనవాళ్ళకి ఇది పెద్ద మార్పు. గుజరాత్‌కి చెందిన ఫిజియోథెరపిస్టు యజ్ఞా ఉన్మేష్ శుక్లా ఆ స్థానంలోకి వచ్చారు. ఇక కమిషన్‌లో మిగతా సభ్యుల్ని చూస్తే జాయింట్ సెక్రటరీ స్థాయి అధికారులు, ఆరోగ్య సేవల డైరెక్టరేట్ ప్రతినిధి, పెద్ద వైద్య సంస్థల నిర్వాహకులు, రాష్ట్ర మండళ్ళ ప్రతినిధులు ఉంటారు. చాలా రాష్ట్రాలు ఆ మండళ్ళనే ఏర్పాటు చెయ్యలేదు. చట్టం వచ్చిన మూడేళ్ళకి, 2024 ఆగస్టు 12న, సుప్రీంకోర్టు కేంద్రాన్నీ రాష్ట్రాల్నీ మందలించి రెండు నెలల గడువు పెట్టాల్సి వచ్చింది. పై కుర్చీ వేసి, దాని కిందకి మెట్లు కట్టడం మరిచిపోయారన్నమాట.

ఇంకో సంగతి. అమ్మ స్పీచ్ థెరపిస్టు వృత్తి ఈ 56లో లేదు. అది 1992 నాటి భారత పునరావాస మండలి చట్టం కిందకి, సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖ పరిధిలోకి వస్తుంది. కుడిచేతికి కదలిక నేర్పిన ఫిజియోథెరపిస్టు వృత్తి ఆరోగ్య మంత్రిత్వ శాఖ కింద ఉంది. అంటే మా అమ్మ చెయ్యి ఒక మంత్రిత్వ శాఖది, నాలుక మరొక మంత్రిత్వ శాఖది. ఆ ఇద్దరమ్మాయిలూ మాత్రం ఒకే గదిలో, ఒకే మంచం పక్కన, ఒకరు చేతిలో గ్లాసు పెడుతుంటే మరొకరు గ్లాసు అనిపించేవాళ్ళు. రోగి శరీరం ఒకటేనని వాళ్ళకి తెలుసు. ఫైళ్ళకి తెలియదు.

పై స్థానాల్లో ఈ వృత్తులవాళ్ళు ఉండాలనడానికి నాకు కనిపించే మొదటి కారణం ఇదే. గౌరవం సంగతి తర్వాత. వాళ్ళ దగ్గర మరెవరి దగ్గరా లేని జ్ఞానం ఉంది. ఆరో వారంలో మాట మొలకెత్తేటప్పుడు వారానికి అయిదు రోజులు ఎందుకు కావాలో గది కేటాయించేవాళ్ళకి తెలియదు. తెలియకపోవడం తప్పు కాదు. తెలిసినవాళ్ళని పిలవకుండా నిర్ణయించడం తప్పు. ఆ తప్పుకి ధర చెల్లించేది నిర్ణయించినవాళ్ళు కాదు, మంచం మీదున్నవాళ్ళు.

ఇంగ్లండులో ఈ స్థానాల చరిత్ర చూస్తే ఎవరి జ్ఞానాన్ని ఎప్పుడు లెక్కలోకి తీసుకున్నారో తెలుస్తుంది. అక్కడ ప్రభుత్వానికి ముఖ్య వైద్యాధికారి 1855లోనే ఉన్నాడు. ముఖ్య నర్సింగ్ అధికారి 1941లో, యుద్ధం మధ్యలో వచ్చింది. అనుబంధ వృత్తుల వంతు ఇంకా చాలా ఆలస్యంగా వచ్చింది. ముఖ్య అనుబంధ ఆరోగ్య వృత్తుల అధికారిగా 2014లో నియమితురాలైన సుజాన్ రాస్ట్రిక్ ఆక్యుపేషనల్ థెరపిస్టు. ఆమె బాధ్యతలోకి వచ్చినవి పద్నాలుగు వృత్తులు. చిత్రకళ, సంగీతం, నాటకం ద్వారా చికిత్స చేసేవాళ్ళూ అందులో ఉన్నారు.

అంత ఆలస్యం ఎందుకైందో తెలియాలంటే ఇంకా వెనక్కి, 1894కి వెళ్ళాలి. లండన్‌లో మర్దన కేంద్రాల పేరుతో వ్యభిచారం నడుస్తోందని ఆ ఏడాది డాక్టర్ల పత్రికే గోల చేసింది. నిజంగా మర్దన చికిత్స చేసే స్త్రీలందరి మీదా అనుమానం పడింది. అప్పుడు రోజలిండ్ పాజెట్‌తో సహా నలుగురు నర్సులు కలిసి శిక్షణ పొందిన మర్దనకారిణుల సంఘం పెట్టుకున్నారు. నేటి బ్రిటిష్ ఫిజియోథెరపిస్టుల సంఘానికి మూలం అదే. తమ శీలాన్ని నిరూపించుకోవడానికి వాళ్ళు పెట్టుకున్న నియమాల్లో ఒకటి, డాక్టరు ఆదేశం లేకుండా ఎవరికీ చికిత్స చెయ్యకూడదని. మగరోగుల విషయంలోనూ కట్టుబాట్లు పెట్టుకున్నారు. 1920లో రాజముద్ర దక్కింది. డాక్టరు చెప్పకుండా స్వయంగా రోగిని పరీక్షించి చికిత్స నిర్ణయించే స్వేచ్ఛ మాత్రం 1970ల చివరిలో గానీ రాలేదు.

ఈ కథ చదివినప్పుడల్లా నాకు ఆ నలుగురి మీద కోపం రాదు. అనుమానించే లోకంలో మంచి ఆడవాళ్ళు అనిపించుకోవడానికి వాళ్ళకి దొరికిన దారి అదొక్కటే. తండ్రి అనుమతితో చదువు, భర్త అనుమతితో ఉద్యోగం సంపాదించుకున్న మన అమ్మమ్మల దారి కూడా అదే కదా. కానీ అప్పు తెచ్చుకున్న గౌరవానికి వడ్డీ ఎనభై ఏళ్ళు కట్టాల్సి వచ్చింది.

ఆ వడ్డీ ఇంకా తీరలేదని 2025 సెప్టెంబరులో తెలిసింది. ఆ సంవత్సరపు ఫిజియోథెరపీ పాఠ్యప్రణాళిక, పేరు ముందు డాక్టర్ అని పెట్టుకుని చివర తమ వృత్తిని సూచించే అక్షరాలు రాసుకోవచ్చని చెప్పింది. సెప్టెంబరు 9న ఆరోగ్య సేవల డైరెక్టరేట్, వాళ్ళు ఆ మాట వాడకూడదని, రోగులు పొరబడతారని ఉత్తరం రాసింది. ఫిజియోథెరపిస్టుల గురించిన ఆ ఉత్తరం ఎవరికి రాశారు? డాక్టర్ల సంఘానికి. మర్నాడే, ఇంకా పరిశీలించాలంటూ దాన్ని వెనక్కి తీసుకున్నారు. ఆ డైరెక్టరేట్‌కి అధిపతి స్త్రీ. కమిషన్‌కి అధ్యక్షురాలూ స్త్రీయే. కాబట్టి పైన ఒక స్త్రీ కూర్చుంటే చాలు, అన్నీ సర్దుకుంటాయని అనుకునే వీలు మనకి లేదు. ఆమె ఏ గదిలో నుంచి నడిచి అక్కడికి చేరిందో, ఆ గదిని వెంట తెచ్చుకుందో లేదో కూడా చూడాలి.

అమ్మ చేతికి వ్యాయామం నేర్పిన అమ్మాయికి ఆ వారం ఫోన్ చేశాను. "మీరు డాక్టరేగా అక్కా, మీకేమనిపిస్తోంది?" అంది. నిజమే, నా పేరు ముందు ఆ మాట ఉంది. లాటిన్‌లో దాని మూలానికి బోధించడం అని అర్థం. అలా చూస్తే అమ్మకి మాట బోధించినామెకీ చెయ్యి ఎత్తడం బోధించినామెకీ నాకంటే ఎక్కువ హక్కుంది. అదే చెప్పాను. కానీ ఫోన్ పెట్టేశాక నాలో మరో ఆలోచన మొదలైంది. గుమాస్తా లేచి నిలబడింది ఆ మాటకే, కూర్చున్నదీ ఆ మాటకే. మనుషుల్ని లేపి కూర్చోబెట్టే మాట కోసం మనం పోట్లాడుతున్నప్పుడు, నిలబెట్టే పద్ధతి అలాగే ఉండిపోతుంది. రోగి పొరబడకూడదన్న వాదనలోనూ కొంత న్యాయం ఉంది. ఆ న్యాయం రోగి కోసమే అయితే రోగినీ, చికిత్స చేసేవాళ్ళనీ కూర్చోబెట్టి మాట్లాడి ఉండేవాళ్ళు.

ఆరోగ్య ఉద్యమాల్లో తిరిగిన స్నేహితురాలొకరు నా మాటలు విని నవ్వింది. "ఒక కుర్చీ పక్కన ఇంకో కుర్చీ వేయిస్తావు. రేపు ఆ కుర్చీలోవాళ్ళు ఆయాని అడగకుండా ఆయా గురించి నిర్ణయిస్తారు" అంది. నేను జవాబు చెప్పలేకపోయాను. అమ్మకి దాహమని అందరికంటే ముందు తెలుసుకున్నది ఆయా. 56 వృత్తుల పట్టికలోనూ, పునరావాస చట్టంలోనూ, ఏ అనుబంధంలోనూ ఆమె లేదు. ఆమెది నైపుణ్యం అని కూడా ఎవరూ అనరు, ఆడవాళ్ళకి పుట్టుకతో వచ్చే గుణం అంటారు.

అయినా కుర్చీ వద్దనలేను. వద్దని చెప్పే సౌకర్యం ఇప్పటికే కుర్చీ ఉన్నవాళ్ళకే ఉంటుంది. నాకున్న చిన్న ఉద్యోగంలో, చిన్న కమిటీల్లో నేను ఇప్పుడు ఒక పని మొదలుపెట్టాను. ఏదైనా నిర్ణయం రాసేముందు, ఈ పని చేసేదెవరు, వాళ్ళని అడిగామా, లేక చెప్పబోతున్నామా అని అడుగుతాను. సహోద్యోగులు విసుక్కుంటారు. పెద్ద పదవుల్లో ఉన్నవాళ్ళనీ ఇదే గీటురాయి మీద చూడాలని నా నమ్మకం. వాళ్ళు ఎవరి ప్రతినిధులన్నది నియామక పత్రం చెబుతుంది. ఆ ప్రాతినిధ్యం నిజమా కాదా అన్నది మాత్రం కిందనున్న మనిషి "అడిగారండీ" అనగలిగినప్పుడే తేలుతుంది.

అమ్మ ఇప్పుడు చిన్నచిన్న వాక్యాలు మాట్లాడుతోంది. మాట తట్టనప్పుడు పద్యం ఎత్తుకుని, దాని చివర నుంచి కావలసిన మాట మీదకి దూకుతుంది. మొన్న ఆసుపత్రి కాగితాలు సర్దుతుంటే ఆ డిశ్చార్జి కాగితం బయటపడింది. అమ్మ దాన్ని ఎడమచేత్తో పట్టుకుని కింద ఉన్న మూడు పేర్లూ మెల్లగా చదివింది. తర్వాత నావైపు చూసి, చాలాసేపు వెతుక్కుని, "ఇంకో... అమ్మాయి?" అంది.

పెన్ను తీసుకుని ఆ మూడు పేర్ల కింద థెరపిస్టు అమ్మాయిలిద్దరి పేర్లూ రాశాను. ఆయా పేరు రాయబోతే నాకు తెలియదని గుర్తొచ్చింది. నేనూ అడగలేదు.